కోళ్లు నీళ్లు తాగే హెల్మెట్

"ముప్పై రెండేళ్లు దిగిన. దిగినందుకు జీతమిచ్చిన్రు. ఇప్పుడు జీతం లేకుండ దిగుమంటవా బిడ్డా?"

బిగ్ పిట్ మ్యూజియం ముందు కారు ఆపగానే నాన్న అన్న మాట ఇది. అమ్మా నాన్నా మా ఇంటికి, వేల్స్‌లోని న్యూపోర్ట్‌కు వచ్చిన ఏడాది సంగతి. లండన్ చూపించాను, బర్మింగ్‌హామ్ దగ్గర బాలాజీ గుడి చూపించాను. ఇంకా పదిరోజులు మిగిలాయి. బయట ఒకటే వాన. నాన్న కిటికీ దగ్గర కూర్చుని పోయే కార్లు, వచ్చే కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అది చూడలేక ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది. ముప్పావుగంట దూరంలో కొండ మీద బ్లెయ్‌నావన్ అనే పాత బొగ్గు ఊరుంది. అక్కడ మూసేసిన బాయిని మ్యూజియం చేశారు.

నాన్న ఇల్లందు మనిషి. 1981లో సింగరేణి బొగ్గు కంపెనీలో బదిలీ ఫిల్లరుగా, అంటే రానివాళ్ల బదులు బొగ్గు నింపే మనిషిగా చేరాడు. తట్టా చెమ్మస్ (పార) పట్టి టబ్బులు, అంటే బొగ్గు బండ్లు నింపాడు. చివరి పదేళ్లు టింబర్ పని (పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేది) చేసి, 2013లో రిటైరయ్యాడు. పుస్తకాల్లో 'బొగ్గుగని' అని రాస్తారు గానీ మా ఊళ్లో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మాకది బాయి. 'బాయి పనికి పోయిండు', 'బాయిల బండ పడ్డది', 'బాయి దొర పిలుస్తున్నడు'. మా చిన్నప్పుడు మనిషిని గుర్తుపట్టేది కూడా బాయి నంబరుతోనే. ఎవరి కొడుకువంటే నాన్న పేరు చెప్పేవాళ్లం కాదు, ఫలానా ఇంక్లైన్ బాయి అనేవాళ్లం.

జీతం లేకుండా దిగనన్న మనిషిని ఎలా ఒప్పించానంటే, ఊరికే కిందిదాకా పోయి వాళ్ల పని ఎలా ఉందో నువ్వే చూసి చెప్పు అన్నాను. తనిఖీకి వచ్చిన ఆఫీసరు హోదా ఇచ్చేసరికి దిగాడు.

బిగ్ పిట్‌లో బొగ్గు తీయడం 1980 ఫిబ్రవరి 2న ఆగిపోయింది. మూతపడ్డ బాయిని స్థానిక కౌన్సిల్ ఒక్క పౌండుకు కొన్నది. నడపడానికి ట్రస్టు పెట్టారు, 1983లో జనానికి తెరిచారు. 2000లో ఈ ఊరూ చుట్టుపక్కల పాత ఇనుము, బొగ్గు ప్రాంతమూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ మరుసటేడు బిగ్ పిట్ వేల్స్ జాతీయ మ్యూజియంలో భాగమైంది. మేం పోయినప్పుడు లోపలికి పోవడానికి టికెట్ లేదు. ఈ వివరాలన్నీ కార్లో వస్తూ నేను చదివి వినిపిస్తే నాన్నకు పట్టింది ఒక్కటే. "ఒక్క పౌండా? స్క్రాపే ఎన్ని లక్షలయితదో!"

కిందికి దిగే ముందు హెల్మెట్, నడుముకు బెల్టు, దానికి క్యాప్ ల్యాంప్ బ్యాటరీ, విషవాయువు వస్తే ఊపిరి పీల్చుకునే డబ్బా ఇస్తారు. అన్నీ కలిపి నాలుగైదు కిలోలు ఉంటాయి. ఫోన్లు, వాచీలు, కారు తాళాలు, లైటర్లు, బ్యాటరీ ఉన్నదేదైనా పైనే వదిలెయ్యాలి. ఇది చూడటానికి వచ్చినవాళ్లను హుషారు చెయ్యడానికి ఆడే నాటకం కాదు. బొగ్గు తీయకపోయినా చట్టం దృష్టిలో అది ఇంకా గనే. నిప్పురవ్వ పుట్టించగలిగేది ఏదీ లోపలికి పోకూడదు. గైడ్ ఇంకా ఇదంతా చెబుతూనే ఉన్నాడు. నాన్న మాత్రం ఆయన ముందు నిలబడి రెండు చేతులూ పక్కలకు చాపాడు. బీడీ కట్ట, అగ్గిపెట్టె కోసం జేబులు తడమడం ముప్పై రెండేళ్లు రోజూ జరిగింది కదా, చేతులకు అలవాటైపోయింది. గైడ్ ఒక్క క్షణం ఆగి, ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు.

నాన్నది ఇంక్లైన్ బాయి, వాలుగా నడిచి దిగేది. ఇక్కడ నిలువు షాఫ్ట్. ఇనుప కేజ్‌లో నిలబెట్టి 90 మీటర్లు కిందికి దింపుతారు. అది మాత్రం ఆయనకు కొత్త. నా భుజం పట్టుకున్నాడు. కిందికి దిగాక చెయ్యి తీసేశాడు, ఇక అక్కణ్నుంచి నేనే ఆయన వెనకాల నడిచాను.

మాకు దారి చూపించిన గైడ్ బాయిలో పనిచేసినవాడే. బిగ్ పిట్‌కు పేరు తెచ్చింది ముఖ్యంగా ఇదే, బొగ్గు తవ్విన మనుషులే జనాన్ని కిందికి తీసుకెళ్లి కథ చెప్పడం. ఆయన వెల్ష్ యాస ఇంగ్లీషు నాకే సగం అర్థం కాలేదు. నాన్నకు ఇంగ్లీషే రాదు. కానీ గైడ్ ఏ గోడ ముందు ఆగినా, అతను నోరు తెరిచేలోపే నాన్న నాకు చెప్పేసేవాడు. ఇది టబ్బులను లాగే హాలేజ్ తాడు నడిచే దారి. ఇది గాలి తలుపు, రెండూ ఒక్కసారే తియ్యరు. ఇక్కడ నీళ్లు నిలిచినయి, చూడు గోడకు చార. ఒకచోట ఆగిపోయి, చేతికర్ర కొసతో పైన దుంగను, పక్కనున్న బండను టకటకమని తట్టి చెవి పెట్టాడు. బండ గట్టిగా ఉంటే ఒక శబ్దం, లోపల బోలుగా విడివడి ఉంటే ఇంకో శబ్దం. పని మొదలుపెట్టే ముందు పైకప్పును అలా తట్టి వినడం ప్రతి బాయి మనిషీ చేసేదే. గైడ్ మాటలు ఆపేశాడు. నావైపు తిరిగి, ఈయన ఎక్కడ పనిచేశాడు అని అడిగాడు. ఇండియా అన్నాను. ఎన్నేళ్లు? ముప్పై రెండు. అంతే, ఆ తర్వాత గుంపులో మిగిలిన పదిహేను మందినీ మర్చిపోయి నాన్న ముఖం చూస్తూనే కథంతా చెప్పాడు. మధ్యలో నన్ను తర్జుమా చెయ్యమన్నాడు. వాలు ఎంత, బొగ్గు పొర మందమెంత, దిమ్మెల మధ్య ఎడమెంత అని నాన్న అడిగినవన్నీ నాకు తెలుగులోనే అర్థం కాలేదు, ఇంగ్లీషులోకి ఏం మారుస్తాను?

ఒకచోట అందరినీ ల్యాంపులు ఆర్పమంటారు. చెయ్యి ముఖానికి ఆనించుకున్నా కనపడదు. ఆ చీకట్లో గైడ్ చెప్పింది గాలి తలుపుల దగ్గర కూర్చునే పిల్లల సంగతి. ఐదారేళ్ల పిల్లలు రోజంతా చీకట్లో కూర్చుని, బండి వచ్చిన చప్పుడుకు తలుపు తీసి, మళ్లీ మూసేవాళ్లు. బ్రిటన్‌లో ఆడవాళ్లనూ పదేళ్లలోపు మగపిల్లలనూ బాయిలోకి దింపకుండా చట్టం వచ్చింది 1842లో. గుర్రాల కొట్టాలు కూడా కిందే ఉన్నాయి. గుర్రాల పేర్లు పలకల మీద రాసి ఉన్నాయి. ఆ పేర్లు చదువుతుంటే నాకు మొదటిసారి కాస్త కుళ్లు పుట్టింది. వీళ్లు గుర్రాల పేర్లు కూడా దాచుకున్నారు.

అమ్మ కిందికి దిగలేదు. మోకాళ్ల నొప్పి అని చెప్పింది, భయమని నాకు తెలుసు. పైకొచ్చాక ఆమెను తీసుకుని స్నానాల భవనంలోకి పోయాం. 1939లో కట్టింది. బాయి దగ్గరే వేడినీళ్ల షవర్లు, వరసగా లాకర్లు. శుభ్రమైన బట్టలకు ఒక లాకరు, బాయి బట్టలకు ఇంకొకటి. వేడిగాలి పంపి తడిబట్టలు ఆరబెట్టే ఏర్పాటు. ఇప్పుడు ఆ లాకర్లలో కొన్నింట్లో ఒక్కో కార్మికుడి కథ, అతని వస్తువులు పెట్టారు.

అమ్మ లాకర్ల వైపు చూడలేదు. షవర్లు చూసింది. చాలాసేపు చూసి, "అంటే వీళ్లు ఇంటికి నల్లగ పోకపోతుండె" అంది.

మా ఇంట్లో మూడు షిఫ్టులకూ లెక్కగా నీళ్లు కాగేవి. నాన్న రాత్రి షిఫ్టు నుంచి వస్తే తెల్లవారుజామున కట్టెల పొయ్యి మీద, ఆ తర్వాతి రోజుల్లో గ్యాసు మీద. బాయి బట్టలు వేరే బకెట్టు, వేరే సబ్బు, వేరే తీగ. వాన పడితే ఆరవు, మర్నాటి షిఫ్టుకు కావాలి. పెనం మీద వేసి ఆరబెట్టిన రోజులున్నాయి. ఆ భవనంలో నిలబడి ఉన్నప్పుడు నాకు తెలియదు గానీ తర్వాత చదివాను. వేల్స్‌లో ఈ స్నానాల గదులు ఊరికే రాలేదు. 1919లో బొగ్గు పరిశ్రమ మీద బ్రిటన్ ప్రభుత్వం వేసిన శాంకీ కమిషన్ ముందు ఎలిజబెత్ ఆండ్రూస్ అనే కార్మికోద్యమ నాయకురాలు సాక్ష్యం చెప్పి, బాయిల దగ్గర స్నానాల గదులు కట్టాలని వాదించింది. నీళ్లు మోసి, కాచి, బరువైన తడిబట్టలు పిండి ఆడవాళ్ల ఒళ్లు ఎలా గుల్లవుతోందో చెప్పింది. అంటే బొగ్గు తవ్వినవాళ్ల చరిత్రలో వంటింటి చరిత్ర కూడా ఉందని వందేళ్ల కిందటే ఒకామె నిలబడి చెప్పింది. ఇది అమ్మకు ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "మరి మన దిక్కు ఎవ్వలూ అడగలేదేం?"

ఎవరైనా అడిగారేమో. అడిగి ఉంటే ఆ సంగతి అమ్మకూ నాకూ ఎందుకు తెలియదన్నదే నన్ను తొలిచేస్తున్న ప్రశ్న. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

సింగరేణి చరిత్ర చెప్పమంటే మా ఊరి పిల్లలు ఎవరైనా గడగడా చెప్పేస్తారు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొందింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం కొన్నది, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం. నేనూ స్కూల్లో క్విజ్ కోసం ఇవే బట్టీ పట్టాను. ఒక్క తేదీ కూడా తప్పు కాదు. కానీ మళ్లీ చదివి చూడండి. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి మారిందన్నదే కథ అంతా. ఇది వాటాల చరిత్ర. ఇందులో తట్ట పట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు.

పోనీ, కంపెనీ చరిత్రయినా పూర్తిగా చెప్పుకుంటామా అంటే అదీ లేదు. ఆ 1886 కంపెనీ లండన్‌లో పుట్టింది. దాని షేర్ల వ్యవహారం ఎంత కంపు కొట్టిందంటే 1888లో బ్రిటిష్ పార్లమెంటే కమిటీ వేసి విచారణ జరిపింది. మా బొగ్గుట్ట (ఇల్లందును పాతవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు) నుంచి మొదటి బొగ్గు టన్ను రాకముందే దాని పేరుతో లండన్‌లో కాగితాలు చేతులు మారాయన్నమాట. ఇది క్విజ్‌లో రాదు. దాని బదులు, భద్రాచలం పోయే భక్తులు మూడు రాళ్లు పెట్టి వండుకుంటే రాళ్లే అంటుకున్నాయన్న కథ చెబుతారు. ఆ కథ నాకూ ఇష్టమే. దాని పక్కన ఈ కథ కూడా ఉండాలంటున్నాను.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నేను తిన్నది కంపెనీ అన్నమే. క్వార్టరు, కరెంటు, ఆస్పత్రి, లాభాల్లో వాటా వచ్చిన ఏడాది కొత్త బట్టలు, నా ఇంజనీరింగ్ ఫీజు, అన్నీ ఆ బాయిలోంచి వచ్చినవే. కంపెనీ మీద కోపంతో ఈ మాటలు రాయడం లేదు. కంపెనీ తన చరిత్ర తాను చెప్పుకోవాలి, మ్యూజియం పెట్టుకున్నా మంచిదే. ఎంత మంచి కంపెనీ అయినా ఊరి జ్ఞాపకాన్ని కూడా తానే మొయ్యలేదు, మొయ్యకూడదు. ఆ పని ఊరిది.

ఎందుకు మొయ్యకూడదో వేల్స్ చరిత్రలోనే ఉంది. 1947 జనవరి 1న బ్రిటన్‌లో బొగ్గు బాయిలను జాతీయం చేశారు. ప్రతి బాయి దగ్గరా ఒక బోర్డు పెట్టారు, ఈ గనిని ఇకనుంచి ప్రజల తరఫున నేషనల్ కోల్ బోర్డు నడుపుతుందని. జనం ఏడ్చారట సంతోషంతో. దొర పోయాడు, బాయి మనదైంది. పంతొమ్మిదేళ్ల తర్వాత, 1966 అక్టోబర్ 21న, బ్లెయ్‌నావన్‌కు అంత దూరం కాని అబెర్‌ఫాన్ అనే ఊళ్లో, అదే బోర్డు కొండ మీద పోసిన బొగ్గు చెత్త గుట్ట జారి కింది బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు పోయారు. మిగిలిన గుట్టలు తీసెయ్యమని ఊరు అడిగితే, ఆ ఖర్చులో 1,50,000 పౌండ్లు బాధితుల కోసం జనం పంపిన విరాళాల నిధిలోంచే తీసుకున్నారు. ఆ డబ్బు తిరిగి ఇచ్చింది 1997లో, అదీ వడ్డీ లేకుండా. ప్రజల కంపెనీ అయినా కంపెనీ కంపెనీయే, ఊరు ఊరే. ఈ కథ ఆ కోల్ బోర్డు మ్యూజియం పెట్టి చెప్పుకుని ఉంటే ఎలా చెప్పేదో ఊహించుకోండి. అబెర్‌ఫాన్ జనం ముప్పై ఏళ్లు పట్టు విడవకుండా చెప్పారు కాబట్టి మనకు ఇలా తెలిసింది. మా ఊరి చుట్టూ ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచే తవ్వే గని) మట్టి గుట్టలు చూస్తూ పెరిగినదాన్ని, ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మళ్లీ బ్లెయ్‌నావన్‌కు వస్తాను. బిగ్ పిట్ పెద్ద మ్యూజియం, దాన్ని చూడటానికి బస్సుల్లో వస్తారు. కానీ నా మనసుకు పట్టింది ఊరి నడిమధ్య ఉన్న వర్క్‌మెన్స్ హాల్. 1890లలో కట్టిన రాతి భవనం. కట్టింది యజమాని కాదు, కార్మికులే వారానికి అర పెన్నీ చొప్పున జీతంలోంచి ఇచ్చి కట్టుకున్నారు. అందులో గ్రంథాలయం, పత్రికలు చదువుకునే గది, బిలియర్డ్స్ బల్లలు ఉండేవి. ఇప్పుడు అందులోనే ఊరి మ్యూజియం ఉంది, ఊరివాళ్లే సొంత సమయం ఇచ్చి నడుపుతారు. పెద్ద మ్యూజియంలో బాయి ఉంటే, ఇక్కడ బాయి చుట్టూ బతికిన ఊరు ఉంది. పాత ఫొటోలు, ఇంట్లో వాడిన వస్తువులు, ఇలాంటివే. కొన్ని చూస్తే ఇందులో ఏముందని అనిపిస్తుంది. మా పక్కన నిలబడ్డ పెద్దావిడ ఒకరు ఒక ఫొటో ముందు నిలబడి, వెనక వరసలో ఎడమ నుంచి రెండో మనిషి తన మేనమామ అని చెప్పింది. చెప్పింది నాతో కాదు, అమ్మతో. అమ్మ తల ఊపింది, తెలుగులో "అట్లనా" అన్నది. ఇద్దరూ చాలాసేపు ఆ ఫొటో చూశారు.

ఇదంతా ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్లో ఉత్సాహంగా చెప్పాను. ఇల్లందులో కూడా ఇలా ఒకటి మొదలుపెట్టాలి అన్నాను. వాడు నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు.

"అక్కా, నీకు అక్కడ కూసుంటే అట్లనే అనిపిస్తది. ఇక్కడ పోరగాళ్లకు పని లేదు. బాయిలు మూతబడుతున్నయి. ఉన్న పని కాంట్రాక్టుకు పోయింది. ఇప్పుడు పాత హెల్మెట్లు గోడకు తగిలిస్తే ఎవలి కడుపు నిండుతది?"

ఈ మాటకు నా దగ్గర చురుగ్గా చెప్పడానికి జవాబు లేదు. వాడు చెప్పిందాంట్లో నిజముంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు, ఇప్పుడు సుమారు నలభై వేలు. బ్లెయ్‌నావన్ కూడా స్వర్గమేమీ కాదు. మేం ప్రధాన వీధిలో నడిచినప్పుడు మూతపడ్డ దుకాణాలు చాలానే కనిపించాయి. ఒకప్పుడు ఎంతో రద్దీగా ఉన్న ఊళ్లో ఇప్పుడు సుమారు ఆరు వేల మంది ఉంటారు. బాయి ఇచ్చినన్ని ఉద్యోగాలు మ్యూజియం ఇవ్వలేదు, ఎక్కడా ఇవ్వలేదు కూడా. 2003లో ఈ ఊరిని పుస్తకాల ఊరిగా మార్చేద్దామని వరసగా పుస్తకాల షాపులు తెరిచారు, కొన్నేళ్లకే అవి చాలావరకు పోయాయి. టూరిస్టుల మీద పెట్టుకున్న ఆశలు అలాగే పోతుంటాయి. కాబట్టి మ్యూజియం పెడితే ఊరు బాగుపడుతుంది, హోటళ్లు వస్తాయి, ఆటోలకు గిరాకీ పెరుగుతుంది అనే వాదన నేను చెయ్యను. ఆ వాదనతో మొదలుపెట్టినవాళ్లు టికెట్లు అమ్ముడుపోని రోజున తాళం వేసి పోతారు.

నా వాదన వేరే. తమ్ముడు అడిగిన ప్రశ్ననే తీసుకుందాం, పని ఎందుకు కాంట్రాక్టుకు పోయింది? పర్మినెంటు ఉద్యోగం, మస్టర్లు (హాజరు లెక్క), బోనసు, ఇంట్లోవాళ్లకు వచ్చే డిపెండెంటు ఉద్యోగం, ఇవన్నీ ఒకప్పుడు ఎలా వచ్చాయి? ఎవరు అడిగారు, ఎన్ని రోజులు సమ్మె చేశారు, ఎవరు జైలుకు పోయారు? వాడికి తెలియదు. నాకూ తెలియదు. నాన్నకు తన కాలంలోవి తెలుసు, తన ముందువి తెలియవు. ఇల్లందులో బొగ్గు తీయడం మొదలై 130 ఏళ్లు దాటింది. మా ఇంటి జ్ఞాపకం మాత్రం 1981 దగ్గరే ఆగిపోతుంది. తాత ఎలా అడిగి తెచ్చుకున్నాడో తెలియని మనవడికి, తన దగ్గర్నుంచి ఏం పోయిందో కూడా తెలియదు. పోయినదాన్ని అప్పటివాళ్ల అదృష్టం అనుకుంటాడు, లేదా 'అప్పటి రోజులు వేరు' అనుకుంటాడు. అర పెన్నీ వేసుకుని హాలు కట్టుకున్నవాళ్ల మనవలు ఆ హాలు ముందు నుంచి నడుస్తుంటే, మాట కలుపుకుంటే ఏమవుతుందో కనీసం వాళ్ల కళ్ల ముందు కనిపిస్తుంటుంది. కడుపు నింపదు నిజమే. కడుపు ఎలా నిండిందో గుర్తుచేస్తుంది.

పేర్ల సంగతి ఇంకొకటి. బ్రిటన్ చరిత్రలోకెల్లా పెద్ద బాయి ప్రమాదం జరిగింది వేల్స్‌లోని సెంగెన్నిద్‌లో, 1913 అక్టోబర్ 14న. పేలుడులో 439 మంది కార్మికులు చనిపోయారు, కాపాడటానికి దిగినవాడొకడు కూడా పోయాడు. సరిగ్గా వందేళ్లకు, 2013లో, ఆ ఊళ్లో స్మారకం తెరిచారు. పోయినవాళ్ల పేర్లు పలకల మీద ఉన్నాయి, ఒక్కొక్కరివీ. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్‌ఈపీ అనే సింగరేణి బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, హాస్టల్ టీవీ ముందు నిలబడి చూశాను, ఆ రాత్రి నాన్నకు మూడుసార్లు ఫోన్ చేశాను. సెంగెన్నిద్ సంఖ్య నాకు నోటికి వచ్చు. గోదావరిఖనిలో పోయిన 17 మందిలో ఒక్కరి పేరు నాకు రాదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు, నన్నే అనుకుంటున్నాను.

మరి తొందరేమిటంటారా? బ్రిటన్‌లో ఆఖరి లోతు బొగ్గుబాయి 2015 డిసెంబర్‌లో మూసేశారు. బొగ్గు తవ్వినవాళ్లే కథ చెప్పడమనే బిగ్ పిట్ గొప్పతనానికి గడువు దగ్గరపడుతోంది, ఎందుకంటే తవ్వినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. మనకు ఆ గడువు ఇంకా కాస్త ఉంది. కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, గోదావరిఖనిలో ఏ టీ బండి దగ్గర నిలబడినా తట్టా చెమ్మస్ పట్టిన మనిషి ఒకరైనా దొరుకుతారు. వాళ్లలో చాలామంది ఊపిరి ఆయాసంతోనే మాట్లాడతారు. పాత అండర్‌గ్రౌండ్ బాయి ఉన్నచోట ఓపెన్‌కాస్ట్ వచ్చిందంటే బాయి నోరు ఎక్కడుండేదో చూపించడానికి నేల కూడా మిగలదు. అప్పుడు మాట ఒక్కటే మిగులుతుంది, ఆ మాటనైనా పట్టి ఉంచాలి.

దానికి భవనం అక్కర్లేదు, మంత్రిగారి రిబ్బనూ అక్కర్లేదు. నిజానికి రిబ్బను కత్తిరించే రోజంటేనే నాకు భయం, ఆ రోజు తర్వాత ఫ్యాన్లు కూడా తిరగవు. ఒక ఖాళీ గది, తాళం చెవి పెట్టుకునే రిటైరైన మనిషి ఒకరు, వస్తువు తెచ్చినవాళ్ల పేరూ బాయి పేరూ రాసుకునే నోటు పుస్తకం, ఫోన్లో రికార్డు చేసే ఓపిక ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు. ఏం తెమ్మంటామంటే, చెమ్మస్, టోకెను, జీతం చీటీ, యూనియన్ రసీదు, టిఫిన్ గిన్నె, బాయి బట్టల బకెట్టు. అవును, బకెట్టు కూడా. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. 1952 గనుల చట్టం ప్రకారం 2019 దాకా ఆడవాళ్లు అండర్‌గ్రౌండ్ బాయిలో పనిచేయకూడదు కాబట్టి, అమ్మలాంటి ఆడవాళ్ల బాయి పని అంతా ఆ బకెట్టు దగ్గరే జరిగింది.

ఎక్కడో ఉండి సలహాలు చెప్పే ఎన్నారై బుద్ధి అని తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోండి. నేను మొదలుపెట్టింది మా నాన్నతోనే. ఆయన ఇక్కడున్న ఆఖరి పదిరోజులూ కార్లు లెక్కపెట్టనివ్వకుండా ఫోన్ ఎదురుగా పెట్టి అడిగాను. మొదటి రోజు 'ఏముంటది చెప్పుడు' అన్నాడు. రెండోరోజు కాగితం అడిగి బాయి పటం గీశాడు. మూడోరోజు నుంచి ఆగలేదు. తన మొదటి షిఫ్టులో తనకు పని నేర్పిన ముసలి ఫిల్లరు పేరు కోసం రెండు రోజులు ఆలోచించాడు. విమానాశ్రయంలో సెక్యూరిటీ వరసలో నిలబడి, చేతులు చాపే ముందు, వెనక్కి తిరిగి ఆ పేరు గట్టిగా అరిచి చెప్పాడు. రాసుకున్నాను.

వాళ్లు ఊరు చేరాక నేను మొదట అడిగింది నాన్న హెల్మెట్ గురించి. రిటైరైనప్పుడు ఇంటికి తెచ్చుకున్న పాతది ఒకటుండాలి.

"ఉన్నది" అంది అమ్మ. "పెరట్ల. కోళ్లకు నీళ్లు పెడుతున్న దాంట్ల."

కడిగి లోపల పెట్టమన్నాను. కోళ్లకు వేరే గిన్నె కొనమన్నాను, డబ్బులు నేను పంపుతానన్నాను.

"గిన్నె దొర్లిపోతది బిడ్డా. ఇది దొర్లదు" అంది అమ్మ. తర్వాత కాసేపటికి, "సరే, బకెట్టు కూడ దాచాల్నా?" అని అడిగింది.